విమానాల మోతను కొలవడం: ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కాలనీల కోసం

ఎయిర్‌పోర్టు పక్క కాలనీల నుంచి వెళ్లే అర్జీలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. రాత్రుళ్లు మోత భరించలేకపోతున్నాం, పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, చర్య తీసుకోండి అని రాస్తారు. వచ్చే జవాబు కూడా ఒకటే: శబ్దం పరిమితుల్లోనే ఉంది. దానికి ఎదురు చెప్పాలంటే ‘ఫలానా తేదీ, రాత్రి 2 గంటల 14 నిమిషాల 37 సెకన్లు, ఫలానా విమానం, ల్యాండింగ్, మా మేడ మీద 78 డీబీఏ’ లాంటి వరస కావాలి. (డీబీఏ అంటే మనిషి చెవి వినే తీరుకు సర్దిన డెసిబెల్.) ఒకటి కాదు, కొన్ని వందలు కావాలి. అలాంటి వరసల్ని ఎవరు అడిగినా నిలబడేలా ఎలా తయారు చేయాలో ఇక్కడ చెబుతున్నాం. మీటరు కొనడం ఇందులో తేలిక పని. వినబడిన మోతను కచ్చితంగా ఒక విమానంతో ముడిపెట్టడమే అసలు పని, చాలామంది ప్రయత్నం దెబ్బతినేదీ అక్కడే.

ఉదాహరణలన్నీ శంషాబాద్ చుట్టూ ఇచ్చాం. గన్నవరమైనా రేణిగుంటైనా పద్ధతి మారదు, అంకెలు మారతాయంతే.

ముందు లిమిట్ల సంగతి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డీబీఏ దాటకూడదు. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. కాలనీ సంఘాలు పట్టుకునేది ఈ 45నే. అధికారులు చూపించేది మాత్రం వేరే కాగితం. 2018 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఎయిర్‌పోర్టు నాయిస్ జోన్‌లకు వేరే లిమిట్లు నోటిఫై చేసింది. ఏడాదికి 50,000కు మించి విమానాల రాకపోకలుండే ఎయిర్‌పోర్టుల చుట్టూ పగలు 70, రాత్రి 65. మిగతా చోట్ల 65, 60. శంషాబాద్ మొదటి కోవలోకే వస్తుంది. కాబట్టి మీ కాలనీ నాయిస్ జోన్ మ్యాపు లోపలుందా, బయటుందా అన్నది మొట్టమొదట కనుక్కోండి. లోపలున్న కాలనీ 45ని పట్టుకుని అర్జీ పెడితే మొదటి పేజీలోనే పక్కన పడేస్తారు.

ఇంకో మెలిక ఉంది. ఈ లిమిట్లన్నీ ఎల్‌ఈక్యూలో, అంటే మొత్తం వ్యవధి మీద పరిచిన సగటు శక్తిలో ఉంటాయి. ఒక్కో విమానం మోసుకొచ్చే మొత్తం శబ్దశక్తిని ఒక్క సెకనులోకి కుదించి చెప్పే అంకెను ఎస్ఈఎల్ అంటారు. రాత్రి 8 గంటలకు 28,800 సెకన్లు, డెసిబెల్ లెక్కలో (లాగరిథమ్ తీసి 10తో గుణిస్తే) 44.6. ఒక్కోటి 85 ఎస్ఈఎల్ ఉన్న ల్యాండింగులు రాత్రికి 20 జరిగాయనుకోండి. 85కు 20 విమానాల తాలూకు 13 కలిపి, 44.6 తీసేస్తే వచ్చేది 53.4. లిమిట్ 65. అదే మోతతో లిమిట్ దాటాలంటే రాత్రికి సుమారు 288 విమానాలు దిగాలి, తెల్లవార్లూ నూరు సెకన్లకొకటి చొప్పున. ఇరవై సార్లు నిద్ర చెడిన మనిషి చెప్పేదీ నిజమే, ‘పరిమితుల్లోనే ఉంది’ అన్న కాగితమూ నిజమే.

అందుకని ఎల్‌ఈక్యూతో పాటు ఎన్70 కూడా లెక్క కట్టండి. గరిష్ఠ స్థాయి 70 డీబీఏ దాటిన విమానాలు రాత్రికి ఎన్ని, పగటికి ఎన్ని అన్నదే ఎన్70. సిడ్నీ మూడో రన్‌వే గొడవల తర్వాత ఆస్ట్రేలియాలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. కిటికీ తెరిచి ఉంటే బయటి 70 లోపల 60 దాకా వినిపిస్తుంది, ఆ స్థాయిలో మాటలకూ టీవీకీ ఆటంకం మొదలవుతుందన్నది దాని వెనక తర్కం. మన లిమిట్లలో ఎన్70 లేదు. అయినా రిపోర్టు చదివే మనిషికి ‘53.4’ కన్నా ‘రాత్రికి 17 సార్లు’ అన్న మాట తొందరగా ఎక్కుతుంది.

పరికరాలు

ఐఈసీ 61672 ప్రమాణంలో మీటర్లు రెండు రకాలు: క్లాస్ 1, క్లాస్ 2. కోర్టు దాకా వెళ్లే ఆలోచన ఉంటే క్లాస్ 1 కావాలి. ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి కొనకుండా రెండు మూడు వారాలకు అద్దెకు తెచ్చుకోవడమే మేలు. మామూలు వాడకానికి క్లాస్ 2 సరిపోతుంది, కానీ దానికి రెండు లక్షణాలు ఉండి తీరాలి. ప్రతి సెకనుకూ ఎల్‌ఈక్యూ దాచుకోగలగాలి, బయటి కరెంటుతో రోజుల తరబడి నడవాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే చేతి మీటర్లలో చాలావాటికి ఈ రెండూ ఉండవు. పైగా పెట్టె మీద ప్రమాణం పేరుంటుంది గానీ లోపల సర్టిఫికెట్ ఉండదు.

సొంతంగా చేసుకునేవాళ్లకు ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, ఐఎన్‌ఎంపీ441 లేదా ఐసీఎస్43434 డిజిటల్ మైకు చాలు. ఐఎన్‌ఎంపీ441 సొంత రొద 33 డీబీఏ, పై హద్దు 120 డెసిబెల్స్. ఊరి శివార్ల రాత్రి నిశ్శబ్దం కూడా సాధారణంగా ఆ 33కు పైనే ఉంటుంది, కాబట్టి విమానాల పనికి అడ్డు రాదు. ఇబ్బంది వేరే దగ్గరుంది: మే నెలలో మేడ మీద పెట్టె లోపల వేడి, వర్షాకాలంలో మైకు రంధ్రంలో చేరే తేమ. పెట్టెకు తెల్ల రంగు వేసి, పైన ఇంకో రేకు గొడుగులా పెట్టి, గాలాడేలా కింది నుంచి రంధ్రాలు ఇవ్వండి. మైకు మీద 90 మిల్లీమీటర్ల ఫోమ్ బంతి తప్పనిసరి. మన ఎండకు ఆ ఫోమ్ కొన్ని నెలల్లోనే పెళుసెక్కి పొడిపొడి అవుతుంది, కాబట్టి ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి. ఇక కోతులు. ఫోమ్ బంతి కనబడితే వదలవు. చుట్టూ పెద్ద కన్నాల వైరు మెష్ కట్టండి, కానీ మైకుకు కనీసం అర అడుగు దూరంలో.

క్యాలిబ్రేటర్ లేకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ ఇచ్చే చిన్న పరికరం అది. ఆ పౌనఃపున్యంలో ఏ-వెయిటింగ్ సవరణ (డీబీఏ కోసం చెవి తీరుకు సర్దే లెక్క) సున్నా, కాబట్టి మీటరు నేరుగా 94.0 చూపాలి. సొంత మైకును 12.7 మిల్లీమీటర్ల బయటి వ్యాసమున్న గొట్టం చివర, మూతితో సమంగా అంటించండి, అప్పుడు క్యాలిబ్రేటర్ అర అంగుళం రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుంది. సందులోంచి గాలి లీకైతే రీడింగ్ తగ్గి, మైకు చెడిందేమో అనిపిస్తుంది. రెండుసార్లు తీసి పెట్టి చూడండి. పని మొదట్లో, చివర్లో, మధ్యలో వారానికోసారి చూసి రాసిపెట్టాలి. రెండు తనిఖీల మధ్య తేడా 0.5 డీబీ దాటితే ఆ మధ్య కాలం డేటా మొత్తం వదులుకోవాల్సిందే. కోపం వస్తుంది, నిజమే. కానీ ఆ ఒక్క క్రమశిక్షణ లేకపోతే మిగతాదంతా వాదనకు పనికిరాదు. క్యాలిబ్రేటర్‌ను ఏడాదికోసారి ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోండి.

మా సలహా ఇది. సర్టిఫికెట్ ఉన్న మంచి మీటరు ఒకటి, సొంతంగా చేసుకున్న చవక మైకులు నాలుగైదు పెట్టుకోండి. అన్నిటినీ ముందు రెండు రోజులు ఒకే మేడ మీద పక్కపక్కన ఉంచి, ఒక్కో విమానానికి వచ్చిన అంకెలు పోల్చండి. తేడా ఎప్పుడూ ఒకేలా, 2 డీబీ లోపు ఉన్న మైకుల్నే కాలనీలోకి పంపండి. ఫోన్ యాప్‌లు చోటు వెతుక్కోవడానికి పనికొస్తాయి, అంతకు మించి కాదు. ఫోను తనకు తోచినప్పుడు మైకు శక్తిని పెంచుతుంది, తగ్గిస్తుంది.

మైకు ఎక్కడ పెట్టాలి

విమాన శబ్దాన్ని మనిషి లేకుండా కొలిచే స్టేషన్లకు ఐఎస్ఓ 20906 అనే ప్రమాణం ఉంది. నేల నుంచి కనీసం 6 మీటర్ల ఎత్తు అంటుంది. ఇంకో షరతు, మన పనికి మరీ ముఖ్యమైనది: కొలవదలచిన విమానాల్లో అన్నిటికన్నా తక్కువ మోత చేసేది కూడా ఆ చోటి మామూలు శబ్దం కంటే కనీసం 15 డీబీ పైన వినబడాలి. దీన్ని ముందే పరీక్షించండి. మేడ మీద ఒక సాయంత్రం గంటసేపు మీటరుతో కూర్చుని, వచ్చిన ప్రతి విమానం గరిష్ఠ స్థాయి రాసుకోండి, విమానాలు లేని సమయంలో ఎంతుందో కూడా రాసుకోండి. మధ్య ఎడం 15 రాకపోతే, ఆ ఇంటివాళ్లు ఎంత ఉత్సాహం చూపించినా, ఆ చోటు వద్దు. అవుటర్ రింగు రోడ్డు పక్క ఇళ్లు ఎక్కువగా ఇక్కడే తేలిపోతాయి.

గోడకు రెండు మీటర్ల లోపు పెడితే ప్రతిధ్వని కలిసి 3 డీబీ దాకా ఎక్కువ చూపిస్తుంది. గోడకే అంటించి పెడితే 6. మేడ మీదైతే పిట్టగోడ కన్నా కనీసం మీటరున్నర ఎత్తులో, నీళ్ల ట్యాంకుకూ మెట్ల గదికీ వీలైనంత దూరంగా, విమానాల దారి మొత్తం అడ్డం లేకుండా కనిపించే చోట పైపు నిలబెట్టండి. ట్యాంకు ప్రతిధ్వని ఒక్కటే కాదు, అందులో నీళ్లు పడే చప్పుడు కూడా ఉంటుంది. ఏసీ బయటి యూనిట్లు, బోరు మోటారు, జనరేటర్ ఎక్కడున్నాయో చూసుకోండి.

రన్‌వేకు దగ్గరలో పైపు లేపేముందు ఇంకొకటి. ఎయిర్‌పోర్టు అథారిటీ కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాపులో మీ చోటికి అనుమతించిన ఎత్తు ఎంతో చూసుకోండి. అదనంగా లేపిన పైపు కూడా ఆ ఎత్తులోకే వస్తుంది. మోత గురించి ఫిర్యాదు చేసేవాళ్ల మీదే ఎత్తు ఉల్లంఘన నోటీసు వస్తే కథ అడ్డం తిరుగుతుంది. పైపుకు ఎర్తింగ్ మరవొద్దు.

ఇంటి లోపల కొలవొద్దు. లిమిట్లు బయటి శబ్దానికి. పడకగదిలో ఎంత వినబడుతుందో చూపాలనుకుంటే లోపలా బయటా ఒకేసారి కొలిచి, కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో రాయాలి.

ఆడియో రికార్డింగ్ విషయంలో జాగ్రత్త. పొద్దస్తమానం రికార్డు చేస్తే పక్కింటి మాటలు కూడా అందులో పడతాయి. సెకను సెకను అంకెలు మాత్రం దాచండి, హద్దు దాటినప్పుడు మాత్రమే 20, 30 సెకన్ల ముక్క ఒకటి ఉంచుకోండి. అది విమానమా, లారీయా తేల్చుకోవడానికి అది చాలు.

గడియారం

డేటా పాడవడానికి మైకు కంటే గడియారమే ఎక్కువసార్లు కారణం. కరెంటు పోయి వస్తుంది, ఆ సమయంలో ఇంటర్నెట్ ఉండదు. ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ పాత బోర్డుల్లో సొంత గడియారం లేదు కాబట్టి, ఆగినప్పటి సమయం నుంచే మళ్లీ లెక్క మొదలుపెడతాయి. నలభై నిమిషాలు కరెంటు పోతే ఆ తర్వాతి విమానాలన్నీ నలభై నిమిషాలు ముందే వచ్చినట్టు నమోదవుతాయి. ఏదో ఒక విమానంతో అవి కుదిరిపోతాయి కూడా, అదే ప్రమాదం. తప్పు బయటకు కనిపించదు.

డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టండి. ఏడాదికి సుమారు నిమిషమే తప్పుతుంది. దానితో పాటు చిన్న యూపీఎస్ కూడా. మేడ మీదికి వెళ్లిన ప్రతిసారీ ఫోన్‌లో సెకన్లు చూపించే గడియారం తెరిచి, నిమిషం సున్నా సెకనుకు మైకు పక్కన గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. రికార్డులో ఆ ఎత్తు ఏ సెకను మీద పడిందో చూడండి. రెండు సెకన్లు దాటి తేడా ఉంటే సరిచేసి, తేడా ఎంతో తేదీతో రాసిపెట్టండి. ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

విమానాల డేటా, వాతావరణ రిపోర్టులు అంతర్జాతీయ సమయంలో, యూటీసీలో ఉంటాయి. మనకు అయిదున్నర గంటలు తేడా. మన రాత్రి 10 అంటే అక్కడ 16:30. మన 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలు అక్కడ 14వ తేదీ 20:30. అర్ధరాత్రి నుంచి అయిదున్నర దాకా తేదీ కూడా మారుతుంది. రాత్రి విమానాలు ‘ముందురోజు’ లెక్కలో పడి పట్టికలు తారుమారయ్యేది ఇందుకే. అన్నీ ఒకే ఫైల్లోకి తేకముందే మన సమయానికి మార్చుకోండి.

ఏ విమానమో తేల్చడం

విమానాలు తమ గుర్తింపు, స్థానం, ఎత్తు 1090 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంటాయి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), 6.9 సెంటీమీటర్ల నిలువు తీగ యాంటెన్నా, రాస్ప్‌బెర్రీ పైలో ఆ ప్రసారాల్ని చదివే రీడ్‌ఎస్‌బీ సాఫ్ట్‌వేర్ ఉంటే ఎయిర్‌పోర్టు చుట్టూ తిరిగే విమానాలన్నీ దొరుకుతాయి. రిసీవర్ పెట్టేముందు ప్రస్తుత టెలికం నియమాలు చూసుకోండి. అది వద్దనుకుంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్లు ఉన్నాయి. వాటిలో పాత రికార్డు ఉచితంగా కొద్ది రోజులకే దొరుకుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే దించుకోవాలి.

10,000 అడుగుల లోపు, మీ చోటికి 15 కిలోమీటర్ల లోపు వచ్చిన విమానాల్ని మాత్రమే దాచుకోండి. ఒక్కోటి మీకు అతి దగ్గరగా వచ్చిన క్షణం, అప్పటి దూరం లెక్కకట్టాలి. ల్యాండింగ్ విమానం 3 డిగ్రీల వాలులో దిగుతుంది, అంటే రన్‌వే అంచు నుంచి ప్రతి కిలోమీటరుకూ సుమారు 52 మీటర్లు, దానికి అంచు దగ్గరి ఎత్తు 15 మీటర్లు కలపాలి. అంచుకు 7 కిలోమీటర్ల దూరంలో, దారికి 400 మీటర్లు పక్కగా ఉన్న ఇల్లు తీసుకోండి. విమానం ఎత్తు సుమారు 382 మీటర్లు, ఏటవాలు దూరం సుమారు 553. శబ్దం ఆ దూరం రావడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది.

మీ గరిష్ఠ స్థాయి సెకనుకు అటూ ఇటూ 15 సెకన్లలో ఒకే ఒక్క విమానం దగ్గరగా వెళ్లి ఉంటే ముడిపడినట్టే. ల్యాండింగులో ఇంజన్ ముందు ఫ్యాను ఈల ముందుకు కొడుతుంది కాబట్టి శిఖరం కాస్త ముందుగా వస్తుంది. టేకాఫ్‌లో జెట్ మోత వెనక్కి కొడుతుంది కాబట్టి విమానం తల మీద దాటాక వస్తుంది. ఈ తేడా మీ డేటాలో కనిపిస్తుంటే గడియారాలు సరిగ్గా ఉన్నట్టే. రెండు విమానాలు అర నిమిషం తేడాలో వస్తే వాటిని ‘కలిసినవి’ అని గుర్తు పెట్టి, ఎల్‌ఈక్యూలో ఉంచి, విమాన రకాల పోలికలోంచి తీసేయండి. 

ఎత్తు గురించి ఒక హెచ్చరిక. ప్రసారమయ్యే ఎత్తు నేల నుంచి కొలిచింది కాదు, 1013.25 హెక్టోపాస్కల్ పీడనాన్ని సున్నాగా తీసుకుని చెప్పేది. వర్షాకాలంలో వాతావరణ రిపోర్టులో పీడనం 1006 ఉంటే, ఆ తేడా దాదాపు 200 అడుగులు. విమానం 4,000 చెబితే నిజానికి 3,800. శంషాబాద్ ఎయిర్‌పోర్టే సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది. అది తీసేస్తే రన్‌వే మీద 1,776 అడుగులు, అంటే 541 మీటర్లు. రన్‌వేకు 10 కిలోమీటర్ల దూరంలో ఉండాల్సిన ఎత్తే అది. ఈ సవరణలు చేయకుండా ‘విమానాలు మరీ కిందుగా తిరుగుతున్నాయి’ అని రాస్తే ఒక్క ఉత్తరంతో కొట్టేస్తారు. శబ్దం లెక్కకు ఆ 200 అడుగులు డీబీకి మించి తేడా తేవు. ఆరోపణ ఎత్తు మీద అయితే మాత్రం అదే ప్రాణం.

నగరానికి ఉత్తరాన ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. హకీంపేట, దుండిగల్ వైమానిక దళ కేంద్రాల విమానాలు ఈ ప్రసారాల్లో చాలాసార్లు కనిపించవు. ముడిపడని మోతల్ని ‘గుర్తు తెలియని విమానం’ అన్న వేరే ఖాతాలో ఉంచండి గానీ, పౌర విమానాల లెక్కలో కలపొద్దు. బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగే రోజుల డేటా మొత్తం పక్కన పెట్టండి.

మోతను లెక్కగా మార్చడం

విమానం లేనప్పటి నేపథ్య శబ్దం కంటే 10 డీబీ పైకి లేచి, కనీసం 8 సెకన్లు అక్కడే ఉండి, తిరిగి దిగిందాన్ని ఒక ఘటనగా తీసుకోండి. ఎస్ఈఎల్ కట్టడానికి గరిష్ఠ స్థాయికి 10 డీబీ లోపు ఉన్న సెకన్లు చాలు. ఒక ల్యాండింగ్ సెకన్ల వారీగా ఇలా ఉందనుకోండి: 61, 63, 66, 69, 72, 74, 75, 75, 73, 71, 69, 67, 65, 64. గరిష్ఠం 75 కాబట్టి 65, ఆపైవి మాత్రమే తీసుకోవాలి, అలాంటివి పదకొండు. ఒక్కో అంకెను 10తో భాగించి, 10 మీద అంత ఘాతం కట్టి, అన్నీ కూడి, ఆ మొత్తానికి లాగరిథమ్ తీసి 10తో గుణిస్తే 82.2 వస్తుంది. వదిలేసిన మూడింటినీ కలిపినా 82.3 అవుతుంది, అంతే. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క ఫార్ములా పని.

డెసిబెల్స్‌ను మామూలు సగటు తీయడం అందరూ చేసే పొరపాటు. 80, 60 చెరో గంట ఉంటే సగటు 70 కాదు, 77.

ఎస్ఈఎల్‌కూ గరిష్ఠ స్థాయికీ మధ్య తేడా విమానాలకు మామూలుగా 7 నుంచి 12 దాకా ఉంటుంది. మూడో నాలుగో వచ్చిందంటే అది విమానం కాదు, హారనో కుక్కర్ విజిలో. ఈ ఒక్క జల్లెడతో సగం చెత్త పోతుంది. దీన్ని కూడా తప్పించుకునేది ఉరుము. విమానంలాగే నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది. ప్రసారాల్లో విమానం లేకపోతే కొట్టేయండి.

నేపథ్యం దగ్గరగా ఉంటే తీసివేత చేయాలి. విమానంతో కలిసి 65, విమానం లేకుండా 60 ఉంటే విమానం వాటా 63.3. తేడా 3 డీబీ కన్నా తక్కువైతే ఆ ఘటన పనికిరాదు.

గాలి సెకనుకు 5 మీటర్లు, అంటే దాదాపు 10 నాట్లు దాటిన గంటలు, వాన పడిన గంటలు తీసేయండి. వాన వెలిసిన రాత్రుళ్లు కప్పల బెకబెకలు, కీచురాళ్లు నేపథ్యాన్ని అమాంతం పైకి లేపుతాయి. వినాయక నవరాత్రులు, బోనాలు, పెళ్లి ముహూర్తాల రోజులు క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకుంటే తర్వాత తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

టేకాఫ్ మొదలయ్యే రన్‌వే చివరి వెనక ఇళ్లకు సీ-వెయిటింగ్ (లోతైన శబ్దాల్ని అంతగా తగ్గించని కొలత) కూడా రికార్డు చేయండి. అక్కడ వినబడేది చెవికి కన్నా కిటికీ అద్దాలకు తెలిసే లోతైన గుర్రుమనే మోత. ఏ-వెయిటింగ్ దాన్ని బాగా తగ్గించి చూపిస్తుంది.

ఎన్ని రోజులు

వారం కనిష్ఠం, కానీ వారం ఒక్కటే చాలదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు, పడమరగా ఉంటాయి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, లేస్తాయి. నైరుతి రుతుపవనాల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి దిగేవి తూర్పు ఊళ్ల మీదుగా వస్తాయి, లేచేవి పడమటి ఊళ్ల మీదుగా పోతాయి. చలికాలంలో ఇది తిరగబడుతుంది. జూలైలో మాత్రమే కొలిచిన తూర్పు కాలనీ రిపోర్టులో టేకాఫ్ మోత దాదాపు ఉండదు. కాబట్టి రెండు కాలాల్లోనూ కొలవండి. ఒక్కో దిశకు, ల్యాండింగుకూ టేకాఫ్‌కూ విడివిడిగా, కనీసం యాభై ముడిపడిన ఘటనలైనా ఉంటేనే సగటు చెప్పండి. పరికరం ఆగిపోయిన గంటల్ని అంచనాతో పూరించొద్దు, ఖాళీగానే చూపండి.

విమాన రకం వారీగా విడదీస్తే ఆసక్తికరమైన సంగతులు తేలతాయి. ఎయిర్‌బస్ ఏ320 పాత రకానికీ, కొత్త ఇంజన్ల రకం నియోకూ టేకాఫ్‌లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ల్యాండింగులో కొన్ని ఏ320లు సన్నగా ఈల వేస్తూ వస్తాయి. అది ఇంజన్‌ది కాదు, రెక్క కింద ఇంధన ట్యాంకు గాలి రంధ్రాల మీదుగా గాలి వెళ్లే చప్పుడు. చిన్న రేకు ముక్క బిగిస్తే పోతుంది. లుఫ్తాన్సా 2014 నుంచి తన విమానాలకు ఆ పని చేసింది. ఇలాంటిది మీ రికార్డులో పట్టుబడితే ఎయిర్‌లైన్స్‌ను నేరుగా అడగొచ్చు.

ఇవ్వాల్సిన చోట ఇవ్వడం

రిపోర్టు మొదటి పేజీలో ఇవి ఉండాలి: మైకు ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, నాలుగు దిక్కుల ఫొటోలు, మీటరు సీరియల్ నంబరు, క్యాలిబ్రేషన్ అంకెలు, ఎన్ని గంటలు పని చేసింది, ఎన్ని గంటలు వదిలేశాం, ఎందుకు. తర్వాత పగలు, రాత్రి ఎల్‌ఈక్యూ రెండు రకాలుగా: మొత్తం శబ్దానికి ఒకటి, ముడిపడిన విమానాలకు మాత్రమే ఇంకొకటి. ఈ రెండోది లేకపోతే ‘అది రోడ్డు మోత’ అనేస్తారు. ఆ తర్వాత ఎన్70, చివర్లో పూర్తి పట్టిక.

పంపే ముందు ఎయిర్‌పోర్టు తరఫు కొలతలు చదవండి. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి నిబంధనల అమలు రిపోర్టు ఇవ్వాలి. శబ్దం కొలతలు అందులో ఉంటాయి. చూడాల్సినవి నాలుగు: మైకు ఎక్కడ పెట్టారు, ఏ తేదీల్లో, ఎన్ని గంటలు, ఆ రోజు విమానాలు ఏ దిశలో నడిచాయి. దొరక్కపోతే పది రూపాయల ఫీజుతో కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. ‘శబ్దం వివరాలు ఇవ్వండి’ అని అడిగితే ఒక పేరాతో సరిపెడతారు. ‘ఫలానా నెలలో గంటల వారీ ఎల్‌ఈక్యూ, కొలిచిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు, పరికరం క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ప్రతి’ అని అడగండి.

కోరేది కూడా డేటాకు సరిపోవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతిలో విమానాల మీద ఆంక్షలు చివరి మెట్టు. అంతకు ముందు ఇంజన్ల స్థాయిలో తగ్గించడం, భూ వినియోగ ప్రణాళిక, నడిపే పద్ధతుల మార్పు అని మూడున్నాయి. రాత్రి విమానాలే ఆపేయమంటే ఫైలు కదలదు. మీ పట్టికలో దిగిన వెంటనే వచ్చే గర్జన ఎక్కువగా కనిపిస్తే రాత్రి 10 తర్వాత రివర్స్ థ్రస్ట్‌ను (వేగం తగ్గించడానికి ఇంజన్ గాలిని ముందుకు మళ్లించడాన్ని) ఐడిల్‌కు, అంటే ఇంజన్ కనిష్ఠ శక్తికి, పరిమితం చేయమనండి. ఏ విమానంతోనూ ముడిపడకుండా నిమిషాల తరబడి సాగే మోత రన్‌వే వైపు నుంచి వస్తుంటే, అది ఇంజన్ల గ్రౌండ్ రన్, అంటే విమానాన్ని నేల మీదే ఉంచి ఇంజన్లు నడిపి చూడటం, కావచ్చు. దాని వేళలు, చోటు మార్చమనండి. ల్యాండింగులు దూరం నుంచే ఒకే ఎత్తులో సాగి మళ్లీ దిగుతున్నట్టు ప్రసారాల్లో తేలితే, మధ్యలో ఆగకుండా ఒకే వాలులో దిగే పద్ధతి ఎంతవరకు అమలవుతోందో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను అడగండి, ఆ విమానాల జాబితా తేదీ, సమయంతో జతచేసి.